చలికాలంలో డెక్ మీద పాల క్యాన్లలో నారు పోయొచ్చా? పోయొచ్చు, కానీ బీరకు కాదు

మీది న్యూజెర్సీలో టౌన్‌హౌస్, లోపల గ్రో లైట్లు పెట్టే చోటు లేదు, బయట చిన్న డెక్ ఉంది అన్నారు. ప్లాస్టిక్ పాల క్యాన్లలో గింజలు వేసి మంచులోనే వదిలేసే పద్ధతి నిజంగా పనిచేస్తుందా, బీర, గోంగూర, వంకాయ కూడా అలాగే పెట్టొచ్చా అని అడిగారు. మొదటిదానికి నిస్సందేహంగా అవును. రెండోదానికి వద్దండీ. నేనూ సెంట్రల్ జెర్సీలోనే ఉంటాను, ఏళ్ల తరబడి చలికాలంలో ఇలాగే నారు పోస్తున్నాను, కాబట్టి మన వాతావరణం లెక్కనే చెబుతాను.

ఈ పద్ధతిని అమెరికాలో జనంలోకి తెచ్చింది ట్రూడీ డేవిడాఫ్ అనే ఆవిడ. ఉండేది న్యూయార్క్ లాంగ్ ఐలండ్‌లో. అంటే మనకు పక్కనే, మన చలి లాంటి చలిలోనే పుట్టిన పద్ధతి.

క్యాన్ కోయడం పది నిమిషాల పని. ఏ గింజను ఏ నెలలో పెట్టాలన్నదే అసలు విషయం. చలిదేశపు మొక్కల గింజలు శరదృతువులో నేల రాలి, మంచు కింద నాని, వసంతంలో లేస్తాయి. వాటిలో చాలావాటికి కొన్ని వారాలపాటు తడీ చలీ కలిసి తగిలితే తప్ప లోపలి నిద్ర వదలదు. సీతాకోకచిలుకల కోసం పెంచే మిల్క్‌వీడ్ అలాంటిదే. మోనార్క్ అనే సీతాకోకచిలుక గొంగళిపురుగులకు ఆ జాతి ఆకులు తప్ప వేరే తిండి లేదు, అందుకే ఇక్కడ చాలామంది పెంచాలని చూస్తారు. ఏప్రిల్‌లో ప్యాకెట్ విప్పి నేరుగా కుండీలో వేస్తే సరిగా మొలవదు, గింజలు మంచివి కావనుకుని పారేస్తారు. అదే జనవరిలో క్యాన్‌లో వేసి బయట పెడితే, చలికాలమే ఆ పని చేసిపెడుతుంది. గడ్డకట్టడం, కరగడం, మళ్లీ గడ్డకట్టడం వల్ల గట్టి పెంకు మెత్తబడుతుంది. కోన్‌ఫ్లవర్ అనే పూలమొక్క కూడా ఇలా బాగా వస్తుంది.

కూరగాయల్లో పాలకూర, లెట్యూస్, కేల్, క్యాబేజీ, బ్రోకలీ, ఉల్లి ఇలా పెట్టడానికి చక్కగా సరిపోతాయి. వీటికి చలి అవసరం లేకపోయినా, ఓర్చుకుంటాయి. మట్టి నలభై డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే చాలు, పాలకూర మెల్లగా కళ్లు తెరుస్తుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టం కొత్తిమీర. మన ఇళ్లలో రోజూ కావాలి, జూన్‌లో వేస్తేనేమో ఎండకు గబగబా పూతకు వచ్చేస్తుంది. చలికాలం చివర్లో క్యాన్‌లో పోస్తే ఏప్రిల్ చల్లదనంలో గుబురుగా పెరిగి, ఎండలు ముదిరేలోపు కావలసినంత ఆకు ఇస్తుంది. వంటింటి ధనియాలే వాడొచ్చు, అరచేత్తో నలిపి రెండు బద్దలు చేసి చల్లండి. దానికి తల్లివేరు ఉంటుంది, విడదీసి నాటితే అలుగుతుంది. కాబట్టి క్యాన్ అడుగు నుంచి మట్టితో సహా ఎత్తి, మైసూర్‌పాక్ ముక్కలు కోసినట్టు కోసి, ఆ ముక్కనే పెద్ద కుండీలో పెట్టేయండి.

నెలలు నేను పండగలతో గుర్తుపెట్టుకుంటాను. సంక్రాంతి ప్రాంతంలో మిల్క్‌వీడ్ లాంటి చలి తప్పనిసరి గింజలు. ఫిబ్రవరిలో, శివరాత్రి దాకా, ఆకుకూరలు, క్యాబేజీ జాతి, ఉల్లి, ఆఖర్న కొత్తిమీర. ఉగాది దాటాక టమాటా, బంతి. టమాటా వేడిదేశపు మొక్కే అయినా, నిరుడు నేల మీద రాలిన పండులోంచి ఈ ఏడు దానంతటదే మొలవడం మీరు చూసే ఉంటారు. అందుకే క్యాన్‌లోనూ వస్తుంది. లోపల పెంచిన నారుకంటే పొట్టిగా, కాండం గట్టిగా ఉంటుంది. ముందు వెనకబడినట్టు కనిపించినా నేలలో నాటాక పుంజుకుంటుంది.

ఇక బీర, సొర, కాకర, గోంగూర. ఇవి వెచ్చని నేల కోరే మొక్కలు. తడి మట్టిలో చలికి రోజుల తరబడి నానితే గింజ కుళ్లిపోతుంది. ఒకవేళ మొలిచినా ఒక్క రాత్రి ఫ్రాస్ట్‌కు, అంటే మంచు గడ్డకట్టే చలికి, నల్లబడి పోతుంది. మనవైపు ఆఖరి ఫ్రాస్ట్ ఏప్రిల్ చివర్లోనో మే మొదట్లోనో ఉంటుంది. బీర, సొర గింజల్ని ఏప్రిల్ రెండో సగంలో లోపల విడివిడి కప్పుల్లో పెట్టి, నేల డెబ్బై డిగ్రీలకు వచ్చాక వేరు కదలకుండా నాటండి. గోంగూర మే చివర్లో నేరుగా చల్లినా సరే. వంకాయ, మిరప సంగతి ఇంకా వేరు. వాటికి మొలవడానికే ఎనభై డిగ్రీల వెచ్చదనం కావాలి, ఎదుగుదల నిదానం, కాబట్టి ఫిబ్రవరి, మార్చిలోనే లోపల మొదలవ్వాలి. మీకు లైట్లు లేవన్నారు కనుక, ఆ రెంటికీ మే నెలలో నర్సరీలో నారు కొనుక్కోమనే చెబుతాను. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి ఇది చదువుతున్నవాళ్లకు ఈ క్యాన్ల గొడవే అక్కర్లేదు. అక్కడ చలికాలమే ఆకుకూరల కాలం, నేరుగా కుండీల్లో చల్లుకోవచ్చు.

క్యాన్ తయారీ. రోజూ పెరుగు తోడుపెట్టే ఇళ్లలో గ్యాలన్ పాల క్యాన్లకు కొదవ ఉండదు, ఇప్పటినుంచే కడిగి దాచండి. వెలుతురు లోపలికి పోయేలా ఉండాలి, తెల్లగా మసకగా ఉన్నా పర్వాలేదు. అడుగున వేడి స్క్రూడ్రైవర్‌తో అయిదారు చిల్లులు పెట్టండి. పిడి కిందుగా చుట్టూ కోసి, పిడి వైపు కొంచెం వదిలేస్తే అదే మూతకు కీలులా ఉంటుంది. కుండీల కోసం అమ్మే మట్టి, అదే పాటింగ్ మిక్స్, మూడు నాలుగు అంగుళాలు వేసి బాగా తడిపి, నీరు ఓడిపోయాక గింజలు వేయండి. పెరటి మట్టి వద్దు, గట్టిపడి వేళ్లకు గాలి ఆడనివ్వదు. లెట్యూస్ గింజలకు వెలుతురు కావాలి, పైన మట్టి కప్పకండి. చుట్టూ డక్ట్ టేప్ వేసి, బిరడా మాత్రం తీసేయండి. ఆ నోట్లోంచే వానా మంచూ లోపలికి పడాలి, వేడిగాలి బయటికి పోవాలి. టేప్ గట్టిగా ఉంటే ఉడతలు గింజల జోలికి రాలేవు. పేర్లు మార్కర్‌తో రాస్తే ఎండకు ఏప్రిల్‌లోపు వెలిసిపోతాయి. ప్లాస్టిక్ ముక్క మీద పెన్సిల్‌తో రాసి లోపల గుచ్చండి, పెన్సిల్ రాత పోదు.

డెక్ మీద రెండు సంగతులు చూసుకోండి. పైన కప్పు ఉన్న మూలలో పెడితే వాన పడక మట్టి ఎండిపోతుంది. గాలికి ఎగిరిపోకుండా పిడుల్లోంచి తాడు దూర్చి రెయిలింగ్‌కు కట్టండి. దక్షిణం వైపు గోడకు ఆనించడం కంటే తూర్పు వెలుతురు మేలని నా అభిప్రాయం. గోడ వేడికి ఫిబ్రవరిలోనే మొలిస్తే, తర్వాతి చలిని ఆ లేత మొలకలు తట్టుకోవాలి.

జనవరి, ఫిబ్రవరిలో చేసేదేమీ లేదు. పైన మంచు పేరుకుంటే తుడవకండి, అది దుప్పటే. లోపలికి తీసుకురావద్దు, వెచ్చదనానికి మొలిచిన మొక్కను మళ్లీ చలిలో పెట్టలేరు. అసలు పని మార్చి చివర్న మొదలవుతుంది. క్యాన్ ఎత్తి చూడండి, తేలిగ్గా ఉంటే పదును పోయినట్టు. పైనుంచి పోస్తే మొలకలు పడిపోతాయి, నీళ్ల పళ్లెంలో కాసేపు కూర్చోబెడితే కిందినుంచి పీల్చుకుంటుంది. ఏప్రిల్‌లో ఒక్కోరోజు ఎండ డెబ్బై దాటుతుంది. ఆ రోజు మూత తెరవకపోతే నారు ఉడికిపోతుంది. ఉద్యోగానికి వెళ్లేముందు వెదర్ ఒకసారి చూసి తెరిచి పెట్టండి, రాత్రి మూసేయండి. బాగా గడ్డకట్టే రాత్రి అని చెబితే పాత దుప్పటి కప్పండి, క్యాబేజీ, పాలకూర తట్టుకుంటాయి.

లోపల పెంచే నారుకు తరచూ వచ్చే నారుకుళ్లు ఇందులో చాలా తక్కువ, గాలీ చలీ ఆడతాయి కాబట్టి. ఎండకు అలవాటు చేసే వారం రోజుల తతంగం కూడా ఉండదు, పుట్టడమే బయట పుట్టింది.

ఈ ఏడాదికి పాలకూర ఒక క్యాన్, కొత్తిమీర రెండు క్యాన్లతో మొదలుపెట్టండి. కొత్తిమీర ఆ రెండింటినీ రెండు వారాల తేడాతో పోయండి, ఒకటి కోత అయిపోయేసరికి రెండోది అందుతుంది. డెక్ ఏ దిక్కుకు ఉందో రాస్తే, ఎక్కడ పెట్టాలో ఇంకా వివరంగా చెబుతాను.