ఫార్మాట్ కొట్టించాక పాత మెయిళ్లు దొరుకుతాయా?

కంప్యూటర్ సందేహాలు – జవాబులు

ప్రశ్న: మా నాన్నగారు చాలా ఏళ్లు చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ బ్లాకులు విదేశాలకు పంపే వ్యాపారం చూశారు. కొనేవాళ్లతో నడిచిన ఉత్తరాలు, బ్లాకుల కొలతల పట్టీలు, ఫొటోలు అన్నీ థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌లోనే ఉండేవి. పోయిన ఏడాది ఆయన కాలం చేశారు. కంప్యూటర్ మరీ నెమ్మదించిందని ఈమధ్య విండోస్ మళ్లీ ఎక్కించాం. ఎక్కించే ముందు ‘యూజర్స్’ ఫోల్డరంతా బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేశానని విండోస్ ఎక్కించిన అబ్బాయి చెప్పాడు. ఇప్పుడు థండర్‌బర్డ్ పెట్టి అదే అకౌంటు ఇస్తే చివరి రెండు వారాల మెయిళ్లు మాత్రమే వచ్చాయి. హార్డ్‌డిస్క్‌లో వెతికితే మెయిల్ అన్న పేరే కనపడటం లేదు. పాత లావాదేవీ ఒకదానికి ఆడిటర్ కాగితాలు అడుగుతున్నారు. ఆ ఉత్తరాలు పోయినట్టేనా?
– ఒక పాఠకురాలు, లాయర్‌పేట, ఒంగోలు

జవాబు: ఆ అబ్బాయి యూజర్స్ ఫోల్డర్ పూర్తిగా కాపీ చేసి ఉంటే పోలేదమ్మా. మీ కళ్లకు కనపడకుండా అందులోనే ఉన్నాయి. అయితే ముందు ఒక పని చేయండి. ఆ హార్డ్‌డిస్క్‌లో ఉన్నదాన్ని ఇంకో డిస్క్‌లోకి కాపీ తీసి, మొదటిదాన్ని బీరువాలో పెట్టేయండి. ఇక మీద ఏం చేసినా రెండో కాపీ మీదే చేయాలి. నా దగ్గరికి వచ్చిన ఎవరికైనా సరే, ఇది అయ్యేదాకా నేను వేరే పని మొదలుపెట్టను. ఉన్న ఒక్క కాపీ మీద నలుగురు నాలుగు రకాలుగా ప్రయత్నించి పాడు చేసుకున్నవాళ్లను చూశాను. మీ నాన్నగారి ఉత్తరాలకు ఆ గతి పట్టకూడదు.

రెండు వారాల మెయిళ్లే వచ్చాయన్నారు చూడండి, అసలు సంగతి అక్కడే తెలిసిపోయింది. మీ అకౌంటు పాప్ పద్ధతిలో నడుస్తోంది. పాప్‌లో ఉత్తరం సర్వర్ నుంచి మీ కంప్యూటర్‌లోకి దిగుతుంది. ఆ తర్వాత సర్వర్‌లో ఎన్నాళ్లు ఉంచాలో సెట్టింగ్‌లో ఉంటుంది. థండర్‌బర్డ్‌లో అక్కడ మామూలుగా కనపడే అంకె 14 రోజులు. అంటే అంతకు ముందువన్నీ మీ నాన్నగారి కంప్యూటర్‌లో తప్ప ఇంకెక్కడా లేవు. మెయిల్ కంపెనీకి ఫోన్ చేసి బతిమాలినా వాళ్ల దగ్గర ఇవ్వడానికేమీ ఉండదు. ఐమ్యాప్ పద్ధతి అయితే ఈ బాధే లేదు. అందులో ఉత్తరాలు సర్వర్‌లోనే ఉంటాయి, అకౌంటు ఇవ్వగానే అన్నీ తిరిగొస్తాయి.

ఇక వెతకడం సంగతి. థండర్‌బర్డ్ ఉత్తరాలు దాచే చోటు ‘యాప్‌డేటా’ అనే ఫోల్డర్. విండోస్ దాన్ని కనపడకుండా ఉంచుతుంది, మీరు వెతికినా దొరకనిది అందుకే. కాపీ చేసిన యూజర్స్‌లో మీ నాన్నగారి యూజర్ పేరుతో ఉన్న ఫోల్డర్ తెరిచి పైన ‘వ్యూ’ నొక్కి, విండోస్ 11 అయితే ‘షో’లోకి వెళ్లి, ‘హిడెన్ ఐటమ్స్’ మీద టిక్ పెట్టండి. లేత రంగులో యాప్‌డేటా బయటపడుతుంది. అనుమతి లేదని అడ్డుపడితే ‘కంటిన్యూ’ నొక్కండి, భయపడాల్సిందేమీ లేదు. లోపల రోమింగ్, అందులో థండర్‌బర్డ్, అందులో ప్రొఫైల్స్. అక్కడ అర్థంపర్థం లేని ఎనిమిది అక్షరాలు, ఆ తర్వాత చుక్క, డిఫాల్ట్ అనే మాట ఉన్న ఫోల్డర్ ఉంటుంది. అదే మీ నాన్నగారి ప్రొఫైల్. రెండు మూడు ప్రొఫైల్స్ కనిపిస్తే ఒక్కోదాని మీద రైట్ క్లిక్ చేసి, ‘ప్రాపర్టీస్’లో సైజు చూడండి. అన్నేళ్ల ఉత్తరాలున్నది ఏదో సైజే చెబుతుంది.

ఆ ప్రొఫైల్‌లో ‘మెయిల్’ అనే ఫోల్డర్, అందులో మీ మెయిల్ సర్వర్ పేరుతో ఇంకో ఫోల్డర్ ఉంటాయి. అది తెరిస్తే ‘ఇన్‌బాక్స్’ అని రెండు ఫైళ్లు కనపడతాయి. ఒకదాని చివర చుక్క పెట్టి ఎంఎస్ఎఫ్ అని ఉంటుంది, అది చిన్నది. రెండోదానికి చివర ఏమీ ఉండదు, అది పెద్దది. ఎంఎస్ఎఫ్ ఫైల్ పుస్తకం వెనకాల వేసే పదసూచిక లాంటిది, పోయినా థండర్‌బర్డ్ మళ్లీ తయారు చేసుకుంటుంది. ఉత్తరాలన్నీ ఒకదాని కింద ఒకటిగా రాసి ఉండేది ఆ చివర పేరు లేని ఫైల్‌లోనే. అదొట్టి అక్షరాల ఫైల్. ప్రతి ఉత్తరమూ ‘ఫ్రమ్’ అనే మాటతో మొదలవుతుంది. ఆ తర్వాత తేదీ, పంపినవాళ్ల అడ్రసు ఉంటాయి. మీ గ్రానైట్ ఫొటోలు కూడా అందులోనే అక్షరాల రూపంలో ఉంటాయి. ఫొటోలు మూడో వంతు దాకా బరువెక్కేది అందుకే.

ఇక్కడ సైజు తప్పకుండా చూడండి. బ్యాకప్ తీసుకున్న డిస్క్ ఫ్యాట్ 32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే, 4 జీబీ దాటిన ఒక్క ఫైల్ కూడా అందులోకి కాపీ కాదు. పెన్‌డ్రైవ్‌లతో ఇది మరీ ఎక్కువ. మిగతావన్నీ ఎక్కేసి, ముఖ్యమైన ఇన్‌బాక్స్ ఒక్కటీ ఎక్కకుండా ఉండిపోతుంది. కాపీ చేసేవాళ్లు ‘స్కిప్’ నొక్కి ముందుకు పోతారు. ఎంఎస్ఎఫ్ ఉండి పక్కన పెద్ద ఫైల్ లేకపోతే జరిగింది అదే అనుకోవచ్చు. అట్లా జరిగి ఉంటే ఆ కంప్యూటర్ వెంటనే ఆపేసి, డేటా రికవరీ తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. లోపల పాత రకం హార్డ్‌డిస్క్ ఉంటే కొంత ఆశ ఉంది. ఎస్ఎస్‌డీ అయితే తుడిచిన చోటును అదే తనంతట తాను ఖాళీ చేసుకుంటుంది కాబట్టి ఆశ చాలా తక్కువ.

ఫైల్ ఉందనే అనుకుందాం. పాత ప్రొఫైల్ మొత్తాన్ని కొత్తదాని స్థానంలో పెట్టమని చాలామంది చెబుతారు. మీ విషయంలో నేనట్లా చెప్పను. కొత్త థండర్‌బర్డ్‌లోకి ఇప్పటికే ఉత్తరాలు వచ్చి ఉన్నాయి, వాటిని చెదరగొట్టడం ఎందుకు? పాతవాటిని పక్కన చేర్చుకుందాం. థండర్‌బర్డ్‌లో ‘హెల్ప్’, ‘ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్’ నొక్కితే ‘ప్రొఫైల్ ఫోల్డర్’ ఎదురుగా ‘ఓపెన్ ఫోల్డర్’ ఉంటుంది. అది తెరిచి, థండర్‌బర్డ్‌ను పూర్తిగా మూసేయండి. మూయకుండా మాత్రం ఏ ఫైలూ ముట్టుకోవద్దు. తెరిచిన ఫోల్డర్‌లో ‘మెయిల్’, అందులో ‘లోకల్ ఫోల్డర్స్’కి వెళ్లండి. పాత ఇన్‌బాక్స్ ఫైల్‌ను, చివర పేరు లేనిదాన్ని మాత్రమే, అక్కడికి కాపీ చేసి ఇంగ్లీషు అక్షరాల్లో ‘నాన్నఇన్‌బాక్స్’ అని పేరు మార్చండి. ‘సెంట్’ ఫైల్‌ను కూడా అట్లాగే ‘నాన్నసెంట్’ అని తెచ్చుకోండి. దీన్ని చాలామంది మర్చిపోతారు. వచ్చిన ఉత్తరాలు ఇన్‌బాక్స్‌లో ఉంటే, ఆయన స్వయంగా రాసిన జవాబులు, ఒప్పుకున్న ధరలు, పంపిన కొలతలు సెంట్‌లో ఉంటాయి. ఆడిటర్‌కి కావాల్సినవీ అవే కావచ్చు.

ఆయన ఒక్కో కంపెనీకి ఒక్కో ఫోల్డర్ పెట్టుకుని ఉంటే అవి ‘ఇన్‌బాక్స్.ఎస్‌బీడీ’ అనే ఫోల్డర్‌లో ఉంటాయి. దాన్ని కూడా తెచ్చి ‘నాన్నఇన్‌బాక్స్.ఎస్‌బీడీ’ అని మార్చండి. రెండు పేర్లూ ఒక్క అక్షరం తేడా లేకుండా కలవాలి. ఇప్పుడు థండర్‌బర్డ్ తెరిస్తే ఎడమ పక్కన ‘లోకల్ ఫోల్డర్స్’ కింద అన్నీ కనపడతాయి. మొదటిసారి నొక్కినప్పుడు పదసూచిక తయారవడానికి టైమ్ పడుతుంది. ఓపిక పట్టండి, మధ్యలో మూసేయకండి.

ఇంకొక్క మాట. ‘కాంపాక్ట్’ చేయాలా అని థండర్‌బర్డ్ అడిగితే అప్పుడే ఒప్పుకోవద్దు. మీ నాన్నగారు డిలీట్ చేసిన ఉత్తరాలు కూడా, కాంపాక్ట్ చేయనంత వరకు, ఆ పెద్ద ఫైల్‌లో అట్లాగే ఉంటాయి. డిలీట్ అయినట్టు గుర్తు మాత్రమే పడి ఉంటుంది. ఆడిటర్ అడిగినది మామూలుగా దొరక్కపోతే తెలిసినవాళ్లు అందులోంచి తీయగలరు. దొరికిన ఉత్తరాన్ని ప్రింట్ తీయడంతో సరిపెట్టకుండా ‘సేవ్ యాజ్’తో ఈఎంఎల్ ఫైల్‌గా కూడా దాచండి. తేదీ, అడ్రసులు, అటాచ్‌మెంట్ అన్నీ కలిసి ఒక్క ఫైల్‌లో ఉంటాయి. ఎవరైనా అడిగితే చూపించడానికి అదే బలం.

ప్రశ్న: విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌లో ఉన్న ఉత్తరాలు సీడీలో రాయించి పెట్టుకున్నాను. అమెరికా వెళ్లిన కొత్తలో మా అబ్బాయి రాసినవి అవన్నీ. డీబీఎక్స్ అని ఉన్న ఆ ఫైళ్లను ఇప్పటి కంప్యూటర్ తెరవడం లేదు.
– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, కావలి

జవాబు: మాస్టారూ, ఆ సీడీని ఈ రోజే హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేయించండి. ఇంట్లో రాసిన సీడీలు ఏళ్లు గడిచేకొద్దీ చదవడం మానేస్తాయి. తెరవడం సంగతి నిదానంగా చూసుకోవచ్చు. కాపీ అయ్యాక ఆ ఫైళ్లన్నిటినీ పట్టి రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో ‘రీడ్ ఓన్లీ’ టిక్ ఉంటే తీసేయండి. సీడీ మీంచి వచ్చిన ఫైళ్లకు అది అంటుకుని ఉంటుంది, దానివల్లే చాలాసార్లు తెరుచుకోవు.

అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ ఎక్స్‌పీతోనే ఆగిపోయింది. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8తో సపోర్ట్ ఆపేసింది. నా సలహా ఏమిటంటే, మీ వాళ్లలో ఎవరింట్లోనైనా పాత ఎక్స్‌పీ కంప్యూటర్ మూల పడి ఉందేమో అడగండి. నెట్ పెట్టకుండానే దాంట్లో అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ తెరిచి, ఆ ఫైళ్లను ఇంపోర్ట్ చేసి, ఒక్కో ఉత్తరాన్ని పట్టి డెస్క్‌టాప్ మీది ఫోల్డర్‌లోకి లాగితే చాలు. అది ఈఎంఎల్ ఫైల్‌గా మారిపోతుంది. ఒకేసారి వందల ఉత్తరాలు సెలెక్ట్ చేసి కూడా లాగవచ్చు. ఆ ఫైళ్లను ఈనాటి థండర్‌బర్డ్ ఏ ఇబ్బందీ లేకుండా తెరుస్తుంది. ఆ రోజుల్లో మీ అబ్బాయి తెలుగులో రాసి ఉంటే, అక్షరాలు పిచ్చిగీతల్లా కనపడినా పారేయకండి. అప్పటి తెలుగు ఫాంట్లు ఒక్కోటి ఒక్కో తీరుగా ఉండేవి. ఆ ఫాంట్ ఏదో తెలిస్తే ఉత్తరం మళ్లీ చదవొచ్చు.

ప్రశ్న: రొయ్యల హేచరీ ఆఫీసులో పని చేస్తాను. విండోస్ మార్చాక బ్యాకప్‌లో ఓఎస్‌టీ ఫైల్ ఒక్కటే దొరికింది. అవుట్‌లుక్ దాన్ని తీసుకోవడం లేదు.
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: తమ్ముడూ, ఓఎస్‌టీ అనేది సర్వర్‌లో ఉన్నదానికి నకలు. దాన్ని తయారుచేసిన ప్రొఫైల్ పోయాక అవుట్‌లుక్ మళ్లీ దాన్ని తెరవదు. మీ ఆఫీసు అకౌంటు ఇంకా నడుస్తుంటే దాంతో దిగులు లేదు. అకౌంటు ఇచ్చి కాసేపు ఆగితే ఉత్తరాలన్నీ సర్వర్ నుంచి దిగుతాయి. ఆ తర్వాత బ్యాకప్‌లోని ‘డాక్యుమెంట్స్’, ‘అవుట్‌లుక్ ఫైల్స్’ ఫోల్డర్ చూడండి. అవుట్‌లుక్ ఉత్తరాలను కంప్యూటర్‌లోనే దాచే పీఎస్‌టీ అని ఉన్న ఫైల్ ఏదైనా ఉంటే కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుని, పాత తరహా అవుట్‌లుక్‌లో ‘ఫైల్’, ‘ఓపెన్ అండ్ ఎక్స్‌పోర్ట్’ నుంచి తెరవండి. పాడైందని చెబితే ఆఫీస్‌తో పాటే వచ్చే స్కాన్‌పీఎస్‌టీ అనే చిన్న ప్రోగ్రామ్‌తో బాగు చేయవచ్చు. అది కూడా కాపీ మీదే. అకౌంటు ఇప్పటికే మూసేసి ఉంటే, కంపెనీ మెయిల్ చూసే వాళ్లను ఈ వారంలోనే అడగండి. మూసిన మెయిల్‌బాక్స్‌ను సర్వర్ కొద్ది రోజులు మాత్రమే ఉంచుతుంది.