‘తెలుసుకోవాలనే జిజ్ఞాస’ అనవచ్చునా?

సందేహం: ‘ఖగోళం గురించి తెలుసుకోవాలనే జిజ్ఞాస’ అని రాస్తే మా గురువుగారు ‘తెలుసుకోవాలనే’ కొట్టేశారు. ‘తెలుసుకోవాలనే కుతూహలం’ అంటే ఊరుకున్నారు. ఏమిటి తేడా?

సమాధానం: కొట్టివేతకు కారణం ఆ మాట కడుపులోనే ఉంది. జ్ఞాతుం ఇచ్ఛా జిజ్ఞాసా. తెలుసుకోవాలన్న కోరికే జిజ్ఞాస. ‘నీళ్లు తాగాలనే దాహం’ అంటామా?

‘తెలియు’ అనే అర్థమున్న ‘జ్ఞా’ ధాతువు మీద, కోరికను చెప్పే ‘సన్’ ప్రత్యయం వస్తుంది (పాణిని సూత్రం 3.1.7). సన్ వస్తే ధాతువుకు ద్విత్వం, అంటే అది రెండుసార్లు వస్తుంది. ఆ రెంటిలో మొదటిదాన్ని అభ్యాసం అంటారు. అందులో మొదటి హల్లు మాత్రమే మిగిలి, అచ్చు హ్రస్వమై ‘జ’ అవుతుంది. ‘సన్యతః’ అనే సూత్రం (7.4.79) దాన్ని ‘జి’ చేస్తుంది. ఈ కుదురులో ఎన్ని మాటలో! తాగాలనే కోరిక పిపాస, తినాలనేది బుభుక్ష, చూడాలనేది దిదృక్ష, విడుదల కోరేవాడు ముముక్షువు. శుశ్రూష అంటే అసలు వినాలనే కోరిక. గురువు మాట వినగోరేవాడు ఆయన్ని కనిపెట్టుకుని ఉండాలి కనుక అది సేవ అయింది. అమరకోశం రాసిన అమరసింహుడు దాన్ని పరిచర్య పక్కనే చేర్చాడు. వివక్ష కూడా ఈ ఇంటిదే: చెప్పాలనే కోరిక. ‘వక్త వివక్షను బట్టి’ అని వ్యాకర్తలు అనేది ఆ అర్థంలోనే. కులవివక్షలో ఉన్న నేటి అర్థం పాతుకుపోయింది, పెకలించలేం. కానీ ‘వివక్షత’ ఎందుకు? భావార్థం ఉన్న మాటకు మళ్లీ ‘త’ తగిలించడం పత్రికలవాళ్లకు అలవాటైపోయింది. ‘ఔత్సుక్యత’ కూడా ఇలాంటిదే. ఉత్సుకత అనండి, లేదా ఔత్సుక్యం అనండి.

కుతూహలంలో ‘తెలియడం’ లేదు. కౌతూహలం, కౌతుకం, కుతుకం, కుతూహలం నాలుగింటినీ అమరం ఒకే శ్లోకార్ధంలో చెప్పింది. అది చూడాలని కావచ్చు, వినాలని కావచ్చు. దేని మీదో చెప్పడానికి ‘తెలుసుకోవాలనే’ కావాలి. ఉబలాటం ఆగలేనితనం. ఆరా తీయడం సాధారణంగా పరుల సంగతుల్లో.

ఒక్క మినహాయింపు. బ్రహ్మసూత్రాల్లో మొదటిదైన ‘అథాతో బ్రహ్మజిజ్ఞాసా’ అన్నచోట కోరికను విధించడం కుదరదు కనుక, జిజ్ఞాసకు విచారం (లోతైన పరిశీలన) అని లక్షణార్థం, అంటే అసలు అర్థం కుదరనప్పుడు తీసుకునే అర్థం, చెప్పారు వేదాంతులు. ధాత్వర్థం అక్కడే కొంత పక్కకు జరిగింది. అందుచేత మాటల్లో ‘తెలుసుకోవాలనే జిజ్ఞాస’ దొర్లితే తప్పు పట్టలేను. రాతలో మాత్రం ‘ఖగోళ జిజ్ఞాస’ చాలు.