తెలియదని రాయడానికి మొహమాటం దేనికి?

తమ్ముడికి వందనాలు.

బైబిలు ప్రకటన గ్రంథంలో మృగం సంఖ్యగా ఉన్న 666 మీద, టీకా మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష శుభ్రంగా ఉంది. మూడో పేజీకి వచ్చేసరికి మాత్రం ఒళ్లు మండింది. టీకాలో చిప్ ఉందని, అదే మృగం ముద్ర అని ఫార్వర్డ్ చేసేవాళ్లని దులిపేశావు, సరే, ఆ వెంటనే "666 అంటే నీరో చక్రవర్తే, ఇందులో అనుమానమే లేదు" అని తీర్పు చెప్పేశావు. వాళ్లు చేసిన పనే కదయ్యా నువ్వూ చేసింది!

నీరో కైసరు పేరుని హెబ్రీ అక్షరాల్లో 'నెరోన్ కేసర్' అని రాసి వాటి విలువలు కూడితే 666 వస్తుంది, నిజమే. నెరోన్‌లో చివరి 'న్' తీసేస్తే 616, కొన్ని పాత ప్రతుల్లో ఆ అంకే ఉంది. అందుకే చాలామంది పండితులు నీరో వైపు మొగ్గుతారు. 'మొగ్గుతారు' అని రాయి, చాలు. రెండో శతాబ్దంలో బిషప్ ఐరేనియస్ కూడా రెండు మూడు పేర్లు లెక్కగట్టి చూశాడు, చూసి, ఫలానావాడే అని ఖాయం చేయడం ప్రమాదమని ఆగిపోయాడు. అపొస్తలుడు యోహాను శిష్యుడని చెప్పుకునే పొలికార్పు బోధని కుర్రతనంలో విన్న మనిషి ఆయన. మనకేం తొందర?

తన రాకడ గురించి, ఆ దినం, ఆ గడియ కుమారుడు కూడా ఎరుగడని మత్తయి 24:36లో ప్రభువే అన్నాడు. ఆ వచనం మన గోడ క్యాలెండర్ల మీద ఎప్పుడైనా చూశావా? నేను 'తెలియదు' అని రాసిన ప్రతిచోటా ఒక మాసపత్రిక సంపాదకుడు ఎర్రసిరాతో కొట్టేసేవాడు. "చందా కట్టేది మీకు తెలియదని చదువుకోవడానికా అయ్యగారూ?" అనేవాడు. పత్రిక మూతపడింది గానీ ఆ బుద్ధి ఎక్కడికీ పోలేదు, ఇప్పుడు యూట్యూబ్‌లో ఉంది.

నేనేమీ శుద్ధుణ్ణి కాను. 1999లో, 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ తప్పుతాయన్న వైటూకే గొడవప్పుడు ఆ సంపాదకుడి కోసమే, కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని, అంత్యదినాల సూచన ఇదేనని నాలుగు పేజీలు రాశాను. జనవరి రెండో వారంలో ఒకాయన బస్సు దిగి మా ఇంటికొచ్చాడు. నా వ్యాసం చదివి, కూతురి పెళ్లికని దాచిన కిసాన్ వికాస్ పత్రాలు గడువుకి ముందే తీసేశాడట, వడ్డీ పోయింది. తిట్టలేదు. "ఇప్పుడేం చేయమంటారు అయ్యగారూ?" అని అడిగాడు. టీ ఇచ్చి పంపించాను, ఇంకేం ఇవ్వగలను. అమెరికాలో రేడియో బోధకుడు హెరాల్డ్ క్యాంపింగ్ ప్రభువు రాకడ 2011 మే 21న అన్నాడు, అది తప్పాక అక్టోబర్ 21 అన్నాడు, మరుసటి ఏడాది తాను చేసింది పాపమని ఒప్పుకుంటూ లేఖ రాశాడు. ఆయన మాట నమ్మి దాచుకున్నదంతా ఆ తేదీ చాటే హోర్డింగులకి పోసినవాళ్లు మాత్రం ఆ లేఖతో ఏం చేసుకుంటారు? ఆ వార్త చదివినప్పుడు నాకు ఆ బస్సు దిగినాయనే గుర్తొచ్చాడు.

ఇంకోటి. టీకా వద్దన్న మీ వీధి మామ్మగారి మీద నువ్వు వేసిన జోకు తీసెయ్. ప్రభువు దినం వచ్చేసిందని థెస్సలొనీక సంఘంలో పుకారు లేచింది, తన పేరు మీద దొంగ ఉత్తరం కూడా వచ్చి ఉంటుందని పౌలు అనుమానం. అయినా భయపడ్డవాళ్లని చూసి నవ్వలేదు. తొందరపడి కలవరపడకండి అన్నాడు, చివర్లో, ఇది నా చేతివ్రాత, నా ప్రతి ఉత్తరంలోనూ ఇదే గుర్తు అని స్వయంగా రాశాడు. మామ్మగారికి ఆ ఫార్వర్డ్ ఎవరు పంపారో, దాని కింద ఎవరి సంతకం ఉందో పక్కన కూర్చుని అడగొచ్చు కదా. ఆవిడకి నిజంగా ఉన్న భయం ముద్ర గురించో, సూది గురించో, జ్వరమొస్తే చూసేవాళ్లు లేకనో, నీ వ్యాసంలో అది ఎక్కడా లేదు.

విశ్వాసులు ప్రభువు దగ్గరికి ఎత్తబడటం అంత్యకాల శ్రమలకు ముందా తర్వాతా అని అడిగావు, ప్రింటింగ్ ఖర్చూ అడిగావు. ఇప్పుడు వాటి జోలికి పోను. మూడో పేజీ మళ్లీ రాసి పంపు. ఆదివారం ఫోన్ చేయకు, సాయంత్రం దాకా ప్రార్థన కూడికలుంటాయి.