ఓటరు జాబితాపై చివరి మాట ఎవరిది?

ప్రశ్న: మా అమ్మాయి చాలా ఏళ్లుగా అమెరికాలో ఉంటోంది, అక్కడి పౌరసత్వమూ తీసుకుంది. టెక్సాస్‌లో ఉన్నప్పుడు పోలింగ్‌కు 30 రోజుల ముందే ఓటరుగా నమోదు కావాలన్నారట. ఇప్పుడు మినసోటాకు మారితే, పోలింగ్ రోజున బూత్ దగ్గరే పేరు రాయించుకుని ఓటు వేయవచ్చంటున్నారు. దేశం ఒక్కటే అయినప్పుడు నిబంధనలు రాష్ట్రానికొక తీరుగా ఉండటమేమిటి? విశాఖపట్నంలో మనం నింపే ఫారం-6నే గువాహటిలోనూ నింపుతారు కదా. ఈ రెండు పద్ధతుల్లో ఏది మేలు?
— ఒక పాఠకురాలు, సీతమ్మధార

జవాబు: అమ్మా, మీ అమ్మాయికి ఎదురైన తేడాకు మూలం ఆ దేశ రాజ్యాంగంలోనే ఉంది. కాంగ్రెస్ సభ్యుల ఎన్నికలు ఎప్పుడు, ఎక్కడ, ఏ పద్ధతిలో జరగాలో నిర్ణయించే పనిని అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణంలోని నాలుగో సెక్షన్ ఆయా రాష్ట్రాల శాసనసభలకు అప్పగించి, ఆ నిబంధనలను కాంగ్రెస్, అంటే వారి పార్లమెంటు, ఎప్పుడైనా చట్టం ద్వారా మార్చవచ్చునని ఆ వెంటనే చెప్పింది. ఓటు వేయడానికి ఎవరు అర్హులన్నది వేరే సంగతి. రాష్ట్ర చట్టసభలో ఎక్కువమంది సభ్యులున్న సభకు ఓటు వేయగలిగినవారే కాంగ్రెస్‌కూ ఓటు వేయగలరని రాజ్యాంగం అనడంతో అర్హతలు రాష్ట్రాల చేతిలో ఉండిపోయాయి. జాతిని బట్టి, ఆడా మగా తేడాను బట్టి, పన్ను కట్టలేదన్న నెపంతో ఓటు నిరాకరించరాదని, 18 ఏళ్లు నిండినవారిని వయసు పేరు చెప్పి ఆపరాదని తరువాతి సవరణలు ఆ అధికారానికి హద్దులు గీశాయి.

అర్హత రాష్ట్రానిది, పద్ధతిపై చివరి మాట కాంగ్రెస్‌ది అయినప్పుడు, ఆ రెండింటి నడుమ ఉండే ఓటరు నమోదు ఎవరిది? తగవంతా అక్కడే ఉంది. పద్ధతి అన్నదానిలో నమోదు కూడా భాగమేనని 1932లో వారి సుప్రీంకోర్టు చెప్పినా, కాంగ్రెస్ ఆ అధికారాన్ని అరుదుగానే వాడింది. 1993 నాటి జాతీయ ఓటరు నమోదు చట్టం కూడా నమోదు గడువును పోలింగ్‌కు 30 రోజులకు మించి ముందుకు జరపకూడదన్నదే తప్ప, అందరికీ ఒకే గడువు పెట్టలేదు. టెక్సాస్ ఆ హద్దు దాకా వెళ్లింది. మినసోటా 1970ల నుంచే పోలింగ్ రోజున నమోదును అనుమతిస్తోంది. నార్త్ డకోటాలోనైతే ఓటరు నమోదు అన్నదే లేదు.

రాష్ట్రాల స్వేచ్ఛ అక్కడ ఎంత నష్టం చేసిందో చెప్పకుండా ఈ జవాబు పూర్తి కాదు. జాతి కారణంగా ఓటు హక్కు నిరాకరించరాదని 1870లోనే రాజ్యాంగ సవరణ వచ్చింది. అయినా దక్షిణాది రాష్ట్రాలు అక్షరాస్యత పరీక్షలు, తలపన్ను పెట్టి, రాజ్యాంగంలోని ఏదో ఒక నిబంధనకు అర్థం చెప్పమని అడిగి, నల్లజాతి పౌరులను ఆ తరువాత కూడా తొంభై ఏళ్లకు పైగా జాబితా బయటే నిలబెట్టాయి. జవాబు సరైనదో కాదో తేల్చేది ఆ కౌంటీ (మన జిల్లా వంటిది) గుమస్తాయే కనుక అడగడానికి వేరే దిక్కు లేదు. కంచే చేను మేయడమంటే అదే. 1965లో ఓటు హక్కుల చట్టం వచ్చి, అవసరమైన చోట్లకు కేంద్ర అధికారులే వెళ్లి పేర్లు రాసుకున్నారు. అప్పటికి మిసిసిపీలో ఓటు వయసు వచ్చిన నల్లజాతి పౌరుల్లో నమోదైనవారు నూటికి ఏడుగురైనా లేరు. రెండేళ్లు తిరిగేసరికి నూటికి దాదాపు అరవై మంది నమోదయ్యారు. అక్కడి ప్రజలు వారే, మారింది పేరు రాసుకునే అధికారి.

ఇప్పటి తగవు పౌరసత్వపు పత్రం గురించి. 2004లో అరిజోనా ఓటర్లు, నమోదుకు పౌరసత్వ రుజువు చూపాలన్న చట్టాన్ని ఆమోదించారు. కేంద్ర ప్రభుత్వపు నమోదు ఫారం మాత్రం, తాను పౌరుణ్ణేనని ప్రమాణపూర్వకంగా సంతకం చేస్తే చాలునంటుంది. ఆ ఫారాన్ని రాష్ట్రం స్వీకరించి తీరాలని సుప్రీంకోర్టు 2013లో తీర్పు చెప్పింది. దాంతో అక్కడ, రుజువు చూపనివారికి అధ్యక్షుడు, కాంగ్రెస్ సభ్యుల వంటి కేంద్ర పదవులకు మాత్రమే ఓటు ఉండి, గవర్నరుకు ఓటు లేకుండా పోయింది. ఒకే వీధిలో రెండు రకాల ఓటర్లు ఏర్పడ్డారు. కాన్సస్‌లో ఇటువంటి చట్టమే 30 వేలకు పైగా దరఖాస్తుదారులను నిలిపివేసిందని తేలి, 2018లో కోర్టు దానిని కొట్టివేసింది. 2025 మార్చిలో అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్, కేంద్ర ఫారానికి కూడా పౌరసత్వ పత్రం జతచేయాలని ఉత్తర్వు ఇచ్చినప్పుడు కోర్టులు అడ్డుకున్నాయి. రాజ్యాంగం ఈ అధికారాన్ని పంచింది రాష్ట్రాలకూ కాంగ్రెస్‌కూ మాత్రమే, అధ్యక్షుడికి అందులో వాటా లేదు.

ఇక మన సంగతి. మనకు ఒకే ఫారం ఉండటం దానంతటదే జరిగిందనుకోకండి. రాజ్యాంగ ముసాయిదాలో మొదట రాష్ట్రాల ఎన్నికలకు వేరే సంఘాలు ఉండేవి. 1949 జూన్ 15న అంబేడ్కర్ రాజ్యాంగ సభలో ఆ ఏర్పాటును మార్చే సవరణను ప్రతిపాదించి, అది పెద్ద మార్పేనని ఒప్పుకుంటూ, కారణమూ చెప్పారు. కొన్ని రాష్ట్రాల్లో అక్కడి అధిక సంఖ్యాకులతో భాషలోనో సంస్కృతిలోనో వేరైన ప్రజలను జాబితాల్లోకి రానివ్వడం లేదన్న ఫిర్యాదులు వచ్చాయన్నది ఆ కారణం. జాబితాల తయారీపై పర్యవేక్షణ, అదుపు కేంద్ర ఎన్నికల సంఘానివేనని 324వ అధికరణమూ, మతం, జాతి, కులం, లింగ భేదాలతో ఎవరినీ మినహాయించకుండా నియోజకవర్గానికి ఒకే జాబితా ఉండాలని 325వ అధికరణమూ చెప్పడం అందుకే. జాబితా పని చేసే మన జిల్లా ఉద్యోగులు కూడా, 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం, ఆ పని చేసినంతకాలం ఎన్నికల సంఘానికి డెప్యుటేషన్‌పై ఉన్నట్టే లెక్క.

అదే చర్చలో హృదయనాథ్ కుంజ్రూ ఒక గట్టి అభ్యంతరం లేవనెత్తారు. ఎన్నికల కమిషనర్లను నియమించేది రాష్ట్రపతి అయినా సలహా ఇచ్చేది ప్రధాని కనుక, సంఘం నిష్పాక్షికంగా ఉంటుందన్న భరోసా ఏమిటని ఆయన అడిగారు. ఆ సందేహం నేటికీ తీరలేదని నా అభిప్రాయం. 2023 చట్టం ప్రకారం ఎంపిక సంఘంలోని ముగ్గురిలో ప్రధాని ఒకరు, ఆయన నియమించే కేంద్రమంత్రి మరొకరు.

అందువల్ల, అమ్మా, మీరు అడిగిన మేలు కీడుల విషయంలో నేను ఒకే చట్టం వైపే నిలబడతాను గాని, ఒక షరతుతో. రాష్ట్రం చేసిన తప్పు ఆ రాష్ట్రంలోనే ఆగుతుంది, కేంద్రం చేసిన తప్పు ఒక్క కలంపోటుతో ఊరూరా పాకుతుంది. 1951-52 తొలి సాధారణ ఎన్నికల నాడు, తమ పేరు చెప్పక ఫలానావారి భార్యనని, ఫలానావారి కూతురినని రాయించుకున్న దాదాపు 28 లక్షల మంది స్త్రీల పేర్లను జాబితా నుంచి తీసివేయవలసి వచ్చింది. 2025లో బిహార్ ప్రత్యేక సమగ్ర సవరణలో, అంటే జాబితా మొత్తాన్ని తిరిగి సరిచూసే పనిలో, ముసాయిదా వెలువడేసరికి సుమారు 65 లక్షల పేర్లు లేవు. ఎవరి పేరు ఏ కారణంతో పోయిందో ప్రకటించాలని సుప్రీంకోర్టు ఆగస్టు 14న ఆదేశించాకనే ఆ వివరాలు జనానికి అందాయి. చట్టం ఢిల్లీదైనా, పేరు తీసివేస్తున్న కారణాన్ని ఆ ఓటరు గుమ్మం దగ్గరే, ముందుగానే, రాతపూర్వకంగా చెప్పాలన్నదే నా షరతు. దానికి కోర్టు దాకా వెళ్లవలసి రావడం నాకు బాధ కలిగిస్తోంది.

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా. ఊళ్లో సొంతిల్లూ ఓటూ ఉన్నాయి. పని కోసం గాజువాకలో అద్దెకు ఉంటున్నాను. జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) ఎన్నికలను జరిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం కనుక, వార్డులో ఓటు కోసం నగరపాలక సంస్థకు వేరే దరఖాస్తు పెట్టుకోవాలా?
— ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: అవసరం లేదండీ. పంచాయతీ, మునిసిపల్ ఎన్నికల జాబితాలను 243కె, 243జడ్‌ఏ అధికరణాలు రాష్ట్ర ఎన్నికల సంఘానికే అప్పగించిన మాట నిజమే. కేరళ, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాలు వాటికి వేరే జాబితాలు తయారు చేసుకుంటాయి కూడా. మన రాష్ట్రంలో మాత్రం అసెంబ్లీ జాబితానే వార్డుల వారీగా విడదీసి వాడతారు. ఇందులో ఒక చిక్కు లేకపోలేదు. 2021 పంచాయతీ ఎన్నికల వేళ కొత్త జాబితా సిద్ధంగా లేదని 2019 జాబితాతోనే పోలింగ్ జరిపారు. ఆ మధ్యకాలంలో 18 నిండిన యువత సొంత ఊరి సర్పంచిని ఎన్నుకోలేకపోయింది. ఇది ఆ పిల్లల తప్పు కాదు. రెండు సంఘాలూ ముందుగా మాట్లాడుకుని ఉండవలసింది.

మీరు చేయవలసింది ఫారం-8 నింపి చిరునామా మార్పు కోరడం. ఫారం-6 కొత్తవారికి. దాన్ని నింపితే రెండుచోట్ల పేరు పడే ప్రమాదముంది, అది చట్టవిరుద్ధం. ఊళ్లో సొంతిల్లు ఉండటం ఒక్కటే అక్కడ నివాసం ఉన్నట్టు కాదని చట్టమే స్పష్టంగా చెబుతోంది కనుక, మామూలుగా ఉంటున్న చోట ఓటు కోరే హక్కు మీకుంది. ఇంటి యజమాని అద్దె ఒప్పందం రాసివ్వకపోయినా ఆధార్ గాని, బ్యాంకు పాస్‌బుక్ గాని చూపవచ్చు.

బూత్ స్థాయి అధికారి విచారణకు వచ్చే వేళ పనిలో ఉంటే, ఇంట్లోవారికి చెప్పి ఉంచండి. దరఖాస్తును తిరస్కరిస్తే ఓటరు నమోదు అధికారి ఉత్తర్వు ప్రతి అడగండి. దానిపై 15 రోజుల్లోగా కలెక్టరుకు, అక్కడా కాదంటే 30 రోజుల్లోగా రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి అప్పీలు చేసుకోవచ్చు.