సూపర్‌మార్కెట్‌కు సరుకిచ్చేవారు నేర్చుకోవలసిన నియమాలు

బ్రిటన్‌లో ఆహార పదార్థాల వ్యాపారం చేస్తున్న తెలుగువారి నుంచి, ఇక్కడి నుంచి అక్కడికి సరుకు పంపుతున్నవారి నుంచి ఈ మధ్య ఒకే విషయం మీద నాలుగు ఉత్తరాలు వచ్చాయి. పెద్ద సూపర్‌మార్కెట్లతో వ్యవహరించేటప్పుడు వర్తించే నియమాల గురించి, వాటిపై ఇచ్చే శిక్షణ గురించి వారు అడిగారు. అందుకని ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మాది గుంటూరు. లెస్టర్‌లో ఆరుగురు పనివారితో పచ్చళ్లు, కారప్పొడులు తయారు చేస్తున్నాము. ఏడాదిన్నరగా ఒక పెద్ద సూపర్‌మార్కెట్‌కు నేరుగా సరుకిస్తున్నాము. క్రిస్మస్‌కు ముందు వారి బయ్యర్ ఫోన్ చేసి, ‘ఒకటి కొంటే ఒకటి ఉచితం’ పథకంలో మా పచ్చడిని కూడా పెడుతున్నామని చెప్పారు. సరేనన్నాను. తర్వాత వచ్చిన చెల్లింపులో ఆ ఖర్చు దాదాపు అంతా మా లెక్కలోంచే కోసుకున్నారు. సరఫరాదారులకు ఈ నియమాల మీద శిక్షణ తరగతులు ఉంటాయని విన్నాను. పని ఆపుకుని వెళితే ప్రయోజనం ఉంటుందా? మాలో ఎవరు వెళ్లాలి?

జవాబు: తప్పకుండా వెళ్లండి. వీలైతే ఒకరు కాదు, ఇద్దరు వెళ్లండి.

బ్రిటన్‌లో వ్యాపార పోటీని పర్యవేక్షించిన అప్పటి కాంపిటీషన్ కమిషన్ 2006 నుంచి 2008 వరకు కిరాణా వ్యాపారాన్ని పరిశీలించి, పెద్ద సూపర్‌మార్కెట్లు తమకు రావలసిన నష్టాలను, అనుకోని ఖర్చులను సరఫరాదారుల నెత్తిన వేస్తున్నాయని తేల్చింది. ఆ పరిశీలన ఫలితంగా వచ్చిన ‘గ్రోసరీస్ సప్లై కోడ్ ఆఫ్ ప్రాక్టీస్’ అనే నియమావళి 2010 ఫిబ్రవరి 4 నుంచి అమల్లో ఉంది. ఏటా వంద కోట్ల పౌండ్లకు మించి కిరాణా అమ్మకాలు ఉండి, అధికారికంగా పేర్కొన్న సంస్థలకు మాత్రమే ఇది వర్తిస్తుంది. టెస్కో, సెయిన్స్‌బరీస్, ఆస్డా, ఆల్డి, లిడిల్ వంటివాటి నుంచి 2022లో చేరిన అమెజాన్ వరకు ఆ జాబితాలో 14 సంస్థలున్నాయి. మీరు సరుకిచ్చే సంస్థ వాటిలో ఉందో లేదో ముందుగా చూసుకోండి, ఎందుకంటే అందులో లేని దుకాణంతో మీ వ్యవహారానికి ఈ నియమావళి అక్కరకు రాదు.

నియమావళి ప్రకారం ఆ సంస్థలు తమ కొనుగోలు సిబ్బందికి దీనిపై తప్పనిసరిగా శిక్షణ ఇవ్వాలి, ఏటా దాన్ని మళ్లీ ఇవ్వాలి. నియమాల అమలును చూసేందుకు ప్రతి సంస్థలోనూ ఒక అధికారి ఉండాలి. సరఫరాదారుకు అటువంటి నిర్బంధమేదీ లేదు. అంటే మీకు ఫోన్ చేసిన బయ్యర్‌కు ఏది అడగవచ్చో, ఏది అడగరాదో, ఏ మాట ఎలా అడిగితే నియమం దాటినట్టు కాదో తెలుసు. ఆ సంగతులేవీ తెలియకుండానే మీరు సరేనన్నారు. నా దృష్టిలో శిక్షణ అవసరమని చెప్పడానికి ఈ ఒక్క తేడా చాలు.

మీ విషయానికి వస్తాను. ప్రమోషన్ (అమ్మకాలు పెంచడానికి పెట్టే ప్రత్యేక పథకం) ఖర్చులో సింహభాగాన్ని సరఫరాదారు భరించాలని సూపర్‌మార్కెట్ పట్టుబట్టరాదని నియమావళి స్పష్టంగా చెబుతోంది. సరఫరాదారు కొంత భరించవలసి ఉంటే, తగినంత ముందుగా రాతపూర్వకంగా తెలియజేసిన తర్వాతే ఆ ప్రమోషన్ మొదలుపెట్టాలి. ఒకటి కొంటే ఒకటి ఉచితమనే పథకంలో చేరమని అడగడం కూడా మిమ్మల్ని సొమ్ము అడిగినట్టే లెక్క. ఇంతవరకు నియమం మీ పక్షానే ఉంది.

చిక్కంతా మీరు ఫోన్‌లో అన్న ‘సరే’ దగ్గర ఉంది. నియమావళి నిషేధించేది బలవంతాన్ని మాత్రమే, ఇరువురూ ఇష్టపడి చేసుకునే ఏర్పాటును కాదు. మనవాళ్లకు ఎదుటివారు మర్యాదగా అడిగితే కాదనడం కష్టం, అందులోనూ సరుకు కొనేవారు అడిగితే మరీ కష్టం. ఆ మొహమాటపు మాటను రేపు అవతలివారు మీ సమ్మతిగా చూపించవచ్చు. అయితే దారి పూర్తిగా మూసుకుపోలేదు. ఒక ఏర్పాటు సరఫరాదారుకు మేలు చేసేదిగా పైకి కనిపించకపోతే, తాము బలవంతం చేయలేదని నిరూపించుకోవలసిన భారం సూపర్‌మార్కెట్ మీదే ఉంటుంది. మీ లెక్కలు తీసి, ఆ పథకం వల్ల మీకు అమ్మకాలేమైనా పెరిగాయో, ఒట్టి నష్టమే మిగిలిందో అంకెలతో చూపగలిగితే మీ వాదనకు బలం వస్తుంది.

మంచి శిక్షకులు నియమాలను అప్పజెప్పించడంతో ఆగరు, ఇటువంటి ఫోన్ సంభాషణలనే అభ్యాసం చేయిస్తారు. బయ్యర్ ఒక మాట అడిగినప్పుడు అప్పటికప్పుడు అవుననకుండా, కాదని తెగేసి చెప్పకుండా, వివరాలు ఈమెయిల్‌లో పంపమని మర్యాదగా అడగడం, పంపకపోతే ఆనాటి సంభాషణను తామే రాసి వారికి పంపడం అలవాటు చేస్తారు. దుకాణంలో దొంగతనానికి పోయిన సరుకు విలువను సరఫరాదారు నుంచి రాబట్టరాదు. ప్రమోషన్‌తో సంబంధం లేకుండా, మంచి అరలో పెట్టినందుకు రుసుము అడగరాదు. ఒప్పందంలో లేనప్పుడు కొత్త దుకాణం ప్రారంభ ఖర్చుకు వాటా అడగరాదు. ఒప్పందం షరతులను వెనకటి తేదీ నుంచి మార్చరాదు. ఇవన్నీ చదివి తెలుసుకోగలిగినవే, కానీ ఎదుటివారు మాట్లాడుతుండగానే వాటిని గుర్తుపట్టడం సాధనతో తప్ప రాదు.

ఒక పరిమితి కూడా చెప్పాలి. ఈ నియమావళి ధరను నిర్ణయించదు. మీ పచ్చడి సీసాకు వారు తక్కువ ధర ఇస్తామన్నా, కారం ధర పెరిగినా మీకు పెంచబోమన్నా, అది బేరం కిందికే వస్తుంది. మీరు ధర పెంచమని అడిగితే సరుకు తీసేస్తామని బెదిరించినప్పుడు మాత్రం న్యాయంగా వ్యవహరించాలన్న మూల నియమం ముందుకు వస్తుంది.

ఇక ఎవరు వెళ్లాలన్న ప్రశ్న. బయ్యర్ ఫోన్ ఎత్తేవారు ఒకరు, వచ్చిన చెల్లింపును ఇన్‌వాయిస్‌తో సరిచూసేవారు ఒకరు వెళ్లాలి. చిన్న సంస్థల్లో యజమాని వెళ్లి నేర్చుకుని వస్తాడు, ఫోన్ మాత్రం ఇంకొకరు ఎత్తుతారు. వెళ్లేటప్పుడు మీ సరఫరా ఒప్పందం ప్రతిని వెంట తీసుకెళ్లండి. రాతపూర్వకమైన ఒప్పందం మీ దగ్గర లేకపోతే ఈ రోజే అడగండి. అది మీ హక్కు, ఇవ్వడం వారి బాధ్యత.

ప్రశ్న: మేము ఫిర్యాదు చేస్తే మా సరుకును అరల నుంచి తీసేస్తారేమోనని భయం. నిజంగా చర్య తీసుకున్న సందర్భాలున్నాయా? — లండన్‌లోని హౌన్‌స్లో నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మీ భయం అర్థం చేసుకోదగినది. ఒకే కొనుగోలుదారు మీద బతికే చిన్న సంస్థకు అది నిద్ర పట్టనివ్వని భయం. ఈ నియమావళి అమలును చూసేందుకు 2013లో చేసిన చట్టంతో ‘గ్రోసరీస్ కోడ్ అడ్జుడికేటర్’ పదవి ఏర్పడింది. మొదట క్రిస్టీన్ టేకన్ ఆ పదవిలో ఉన్నారు, 2020లో ఆమె తర్వాత మార్క్ వైట్ వచ్చారు. సమాచారం ఇచ్చినవారెవరో బయటపడేలా చేయకూడదని ఆ చట్టంలోనే ఉంది. ఒకరి పేరు ఊహకు అందే పరిస్థితి ఉంటే, ఒకే రకమైన ఫిర్యాదులు మరికొందరి నుంచి వచ్చేవరకు ఆగి మాట్లాడే వీలు కూడా ఆ కార్యాలయానికి ఉంది.

చర్యల మాటకొస్తే, 2016 జనవరిలో వెలువడిన నివేదికలో టెస్కో తన సరఫరాదారులకు చెల్లింపులు ఆలస్యం చేసి నియమావళిని తీవ్రంగా ఉల్లంఘించిందని తేలింది. కొందరికి రావలసిన పెద్ద మొత్తాలు ఏడాదికి పైగా ఆగిపోయాయి. సరఫరాదారు లెక్కలోంచి ఏదైనా కోసుకోదలిస్తే, అభ్యంతరం చెప్పడానికి వారికి 30 రోజుల గడువివ్వాలని, ఆర్థిక విభాగం వారికీ బయ్యర్లకూ శిక్షణ ఇవ్వాలని టెస్కోను ఆదేశించారు. జరిమానా విధించే అధికారం ఆ ఉల్లంఘనల తర్వాతే వచ్చింది కనుక అప్పుడు జరిమానా పడలేదు. ఇప్పుడైతే బ్రిటన్‌లోని వార్షిక అమ్మకాల్లో 1 శాతం వరకు వేయవచ్చు. 2019లో కో-ఆప్ విషయంలో, తగినంత ముందుగా చెప్పకుండా సరుకులు తీసేసినందుకు, కొత్త రుసుములు వేసినందుకు తప్పు తేలింది. మీరు భయపడుతున్న పనికే అక్కడ సమాధానం చెప్పుకోవలసి వచ్చింది. గణనీయంగా కొనుగోలు తగ్గించినా, పూర్తిగా మానేసినా అందుకు నిజమైన వ్యాపార కారణం ఉండాలి, ముందుగా రాతపూర్వకంగా తెలియజేయాలి. నిర్ణయాన్ని సంస్థలోని పై స్థాయి కొనుగోలు అధికారి చేత పునఃపరిశీలన చేయించుకునే హక్కు కూడా మీకుంది.

అడ్జుడికేటర్ కార్యాలయం ఏటా చేయించే సర్వేలో, నియమావళికి సంబంధించిన ఇబ్బంది ఎదురైందని చెప్పిన సరఫరాదారులు 2014లో 79 శాతం ఉండగా 2021 నాటికి 29 శాతానికి తగ్గారు. మరుసటి ఏడు ఆ సంఖ్య కొంత పెరిగింది, కనుక పని పూర్తయిందని ఎవరూ అనడం లేదు.

మీరు తొందరపడి మధ్యవర్తిత్వానికి వెళ్లనవసరం లేదు. ముందు బయ్యర్‌తో, అక్కడ తేలకపోతే ఆ సంస్థలోని నియమావళి అధికారితో మాట్లాడండి. వివాదంగా నమోదు చేసిన 21 రోజుల్లో పరిష్కారం కాకపోతే, నాలుగు నెలలు దాటకముందే మధ్యవర్తిత్వం కోరవచ్చు. బొత్తిగా పసలేని ఫిర్యాదు అయితే తప్ప, మధ్యవర్తి ఖర్చు సూపర్‌మార్కెట్ భరించాలి.

ప్రశ్న: మాది భీమవరం. రొయ్యలు శుద్ధి చేసి బ్రిటన్ పంపుతాము. అక్కడ దిగుమతిదారు కొని సూపర్‌మార్కెట్‌కు ఇస్తారు. ఈ నియమాలు మాకూ వర్తిస్తాయా?

జవాబు: మీరు నేరుగా సూపర్‌మార్కెట్‌తో ఒప్పందం చేసుకుని సరుకిస్తే వర్తిస్తాయి. సరఫరాదారు ప్రపంచంలో ఎక్కడున్నా సరేనని నియమావళిలోనే ఉంది. దిగుమతిదారు ద్వారా వెళ్లే సరుకుకు మాత్రం రక్షణ ఆయనకే ఉంటుంది, మీకు ఉండదు. ‘సూపర్‌మార్కెట్ కోసింది’ అంటూ ఆయన మీ బిల్లులో కోత పెడితే, ఆ కోతకు సంబంధించిన కాగితం చూపమని అడిగే షరతును మీ ఒప్పందంలో చేర్చుకోండి. ఆయన ఆ కోత మీద అభ్యంతరం చెప్పాడా, ఎందుకు చెప్పలేదు అని కూడా అడగండి. తన హక్కు తెలియని దిగుమతిదారు భరించిన నష్టం చివరికి చెరువు గట్టు దాకా వస్తుంది, కనుక ఆయనకు శిక్షణ ఉందో లేదో తెలుసుకోవడం మీకూ అవసరమే. తెలిసిన అన్యాయాన్ని అడ్జుడికేటర్ దృష్టికి తీసుకెళ్లడానికి మీరు నేరు సరఫరాదారై ఉండాలన్న నియమం లేదు.

ప్రశ్న: హైదరాబాద్‌లో సూపర్‌మార్కెట్లకు బియ్యప్పిండి, అప్పడాలు తయారు చేసి ఇస్తాము. మనకు ఇలాంటి నియమావళి ఉందా?

జవాబు: సూపర్‌మార్కెట్ల కోసమే ప్రత్యేకంగా చేసిన నియమావళి మన దేశంలో లేదు, ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను. చెల్లింపుల వరకు మాత్రం 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం మీకు అండగా ఉంది. సూక్ష్మ లేదా చిన్న సంస్థగా నమోదై మీరే తయారు చేసి అమ్ముతుంటే, ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజుల్లోపు సొమ్ము చెల్లించాలి. ఒప్పందమే లేకపోతే గడువు 15 రోజులు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్లు, అదీ నెలనెలా చక్రవడ్డీతో చెల్లించాలి. ఇలాంటి బకాయి వివాదాలను తేల్చే రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. తీర్పును కోర్టులో సవాలు చేయాలంటే కొనుగోలుదారు ముందుగా 75 శాతం సొమ్ము జమ చేయాలి. 2023–24 ఆర్థిక సంవత్సరం నుంచి, ఇలా గడువు దాటిన బకాయిని నిజంగా చెల్లించేదాకా కొనుగోలుదారు తన ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపుకోలేడు. ఈ మాటను వారి ఖాతాల విభాగానికి మర్యాదగా గుర్తు చేసినా చాలాసార్లు పని జరుగుతుంది.

ఇతరుల దగ్గర కొని అమ్మే వ్యాపారులకు ఈ వడ్డీ రక్షణ లేదు. మీరు తయారీదారులు గనుక ఉద్యమ్ నమోదు (చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర చేయించుకునే నమోదు) ఇప్పుడే చేయించుకోండి. బకాయి పడ్డాక చేయించుకుంటే పాత బిల్లులకు అది చెల్లదని వాదన వస్తుంది. నమోదు సంఖ్యను, చెల్లింపు గడువును ప్రతి ఇన్‌వాయిస్ మీద ముద్రించి, సరుకు అందినట్టు దుకాణం వారి సంతకం, తేదీ ఉన్న ప్రతిని దాచుకోండి.