“డాక్టరుకు చెప్పాం” అంటే ఏమని చెప్పారో అడగండి

అమెరికాలో నర్సింగ్ హోములో ఉన్న మీ అత్తగారు రెండు రోజులుగా మగతగా ఉన్నారని, భోజనం ముట్టడం లేదని, అడిగితే “డాక్టరుకు చెప్పాం” అంటున్నారని రాశారు. రేపటిదాకా ఆగకండి. ఎవరు, ఎన్ని గంటలకు, ఏమని చెప్పారో ఇప్పుడే అడగండి. తట్టి లేపినా లేవకపోతే మాత్రం అక్కడి అత్యవసర నంబరు 911కు ఫోను చేయమనండి.

నేను ఇక్కడ అలాంటి చోటే నర్సుని. ఫ్యాక్స్ పంపి ఊరుకోవడాన్ని కూడా “చెప్పాం” అనే అంటారు. మన ఊళ్లలో నర్సింగ్ హోమ్ అంటే చిన్న ఆసుపత్రి, డాక్టరు పిలిస్తే పలుకుతారు. ఇక్కడ అది వృద్ధులు ఉండి సంరక్షణ పొందే చోటు. డాక్టరు మొదటి 90 రోజులు నెలకోసారి, ఆ తర్వాత 60 రోజులకోసారి వస్తే నిబంధనకు సరిపోతుంది. మిగతా రోజుల్లో ఆయన ఫోనులో మేం చెప్పింది విని నిర్ణయించాల్సిందే.

నా తప్పు ఒకటి చెబుతాను. మా దగ్గర ఒక పెద్దావిడ రోజూ కాఫీ కప్పును రెండు చేతులతో పట్టుకుని తానే తాగేవారు. ఒక ఉదయం సహాయకురాలు వచ్చి, “కాఫీ చల్లారిపోయింది, ఆవిడ అటు చూడనైనా లేదు” అంది. థర్మామీటరు పెడితే 99.4. డాక్టరుకు ఫోను చేసి “కాస్త నలతగా ఉన్నారు” అన్నాను. “రేపు చూద్దాం” అన్నారు. నేను చెప్పినదానికి ఇంకేమంటారు?

ఫోను పెట్టేశాక పాత రికార్డు తిరగేస్తే ఆవిడకు మామూలుగా ఉండేది 97. వృద్ధులకు తమ మామూలు కంటే 2 డిగ్రీల ఫారన్‌హీట్ మించి పెరిగితే జ్వరం కిందే లెక్క. గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెట్టాను, నిమిషానికి 28. మళ్లీ ఫోను చేసి అంకెలన్నీ చెప్పి, “ఇవాళే ఎక్స్‌రే తీయిద్దాం” అన్నాను. నిమోనియా అని తేలింది. ఇలా చెప్పడానికి ఎస్‌బార్ అనే పద్ధతి ఉంది, అమెరికా నౌకాదళం జలాంతర్గాముల్లో పుట్టింది: ఇప్పుడేమైంది, వెనక ఏముంది, నాకేమనిపిస్తోంది, మీరేం చేయాలి. ఆ చివరిది నాకు చాలాకాలం నోట రాలేదు. డాక్టరుకు మనం చెప్పడమా అని పెరిగినవాళ్లం కదా.

మీ అత్తగారికి తెలుగే వచ్చంటే ఇంకో చిక్కుంది. ఆవిడ మాట పొంతన లేకుండా పోతున్నా అక్కడివాళ్లకు తెలియదు, ఎప్పటిలాగే తమ భాషలో మాట్లాడుతున్నారనుకుంటారు. అది పట్టుకోగలిగింది మీరే. ఫోనులో ఆవిడతో మాట్లాడి, “మొన్నటిదాకా మనవడిని పేరుపెట్టి పిలిచేవారు, ఇవాళ గుర్తుపట్టలేదు” అని ఉన్నదున్నట్టు నర్సుకు చెప్పండి, రికార్డులో రాయమనండి. “డల్‌గా ఉన్నారు” అనకండి.

ఆరోగ్యంలో పెద్ద మార్పు వస్తే వెంటనే డాక్టరును సంప్రదించాలని, కుటుంబ ప్రతినిధికి తెలపాలని ఫెడరల్ నిబంధనే ఉంది. నర్సు దాటవేస్తే నర్సింగ్ డైరెక్టరును అడగండి. ప్రతి రాష్ట్రంలోనూ ఇలాంటి ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్ ఉంటారు, కానీ అది రేపటి పని. ఇప్పుడు ఫోను చేసి ఉష్ణోగ్రత, బీపీ, ఆక్సిజన్ ఎంతున్నాయో అడగండి, నిమిషం పూర్తిగా ఊపిరి లెక్కపెట్టమనండి. ఆ అంకెలు ఇక్కడ రాయండి, రాత్రి డ్యూటీకి వెళ్లేలోపు చూస్తాను.