మగవాళ్ళ షూకి ఆడవాళ్ళ స్టిక్కర్ వేసి అమ్మితే డబ్బు వెనక్కి అడగొచ్చా?

ప్రశ్న: మేడమ్ గారూ, మాది కావలి, టీచర్‌గా చేస్తున్నాను. ఏడాదిగా పొద్దున్నే తుమ్మలపెంట బీచ్ దాకా సైకిల్ తొక్కుతున్నాను. మామూలు షూతో అరికాలు నొప్పి వస్తోందని ఆన్‌లైన్‌లో 7,800 రూపాయలు పెట్టి సైక్లింగ్ షూ కొన్నాను. "ప్రత్యేకంగా మహిళల పాదాలకు, ముందు వెడల్పు, మడమ దగ్గర బిగువు" అని రాశారు, రంగు కూడా చాలా బాగుంది. సైజు 38. సైకిల్ షాపులో క్లీట్లు (షూని పెడల్‌కి పట్టి ఉంచే, అడుగున బిగించే ముక్కలు) బిగించుకుని ఒక్కసారి తొక్కితే చిటికెన వేలు తిమ్మిరెక్కిపోయింది, మడమేమో పైకి లేచిపోతోంది. డబ్బా మీద స్టిక్కర్ కొంచెం ఊడితే కింద మగవాళ్ళ మోడల్ అని ఉంది. ఐదో రోజే కంప్లయింట్ పెట్టాను. "వాడేశారు కాబట్టి రిటర్న్ లేదు, పైగా ఇది సేల్‌లో కొన్నది, తొక్కుతూ ఉంటే సాగుతాయి" అన్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. నేనేం చేయగలను?

జవాబు: అమ్మా, ముందు ఒక్క మాట సూటిగా చెప్తాను, ఏమీ అనుకోవద్దు. "షూ నాకు సరిపోలేదు" అని కేసు వేస్తే అది నిలబడటం కష్టం. సైజు కుదరకపోవడం వేరు, వస్తువులో లోపం ఉండటం వేరు. వాళ్ళు చెప్పిన కొలతలతో చెప్పిన రకం షూనే పంపి ఉండి, అది మీ కాలికి పట్టకపోతే, వాళ్ళ రిటర్న్ పాలసీలో ఏముందో దాన్ని బట్టే మన దారి ఉండేది. మీ విషయం అది కాదు. మీ బలం అంతా ఆ ఊడిన స్టిక్కర్ కిందే ఉంది. దాన్ని పూర్తిగా పీకొద్దు, అలాగే ఉంచి నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీయండి.

ఎందుకంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో లోపం అనే మాటకి అర్థం చాలా విశాలంగా ఇచ్చారు. కుట్టు ఊడిపోవడం, అట్ట విరిగిపోవడం మాత్రమే లోపం కాదు. వ్యాపారి ఏ రూపంలోనైనా సరే "నా వస్తువు ఇలా ఉంటుంది" అని చెప్పుకున్నాక అది అలా లేకపోతే, అదీ లోపమే. సెక్షన్ 2(10) చూడండి. మహిళల పాదాలకు ప్రత్యేకంగా చేసింది అని పేజీలో రాసి మగవాళ్ళ మోడల్ పంపితే, ఆ షూ ఎంత గట్టిదైనా, ఎంత అందంగా ఉన్నా, మీకు చెప్పిన వస్తువైతే కాదు.

రేపు కేసు వినియోగదారుల కమిషన్ దాకా వెళ్తే అక్కడ అవతలి లాయరు "38 అంటే 38యే కదా, ఆడవాళ్ళదైతే ఏంటి మగవాళ్ళదైతే ఏంటి" అని తప్పకుండా అంటాడు, దానికి ఇప్పుడే సిద్ధంగా ఉండండి. యూరప్ సైజుల్లో ఒక్కో నంబరుకి పొడవు సుమారు 6.7 మిల్లీమీటర్లు పెరుగుతుంది, అంతే. వెడల్పు గురించి ఆ నంబరు ఒక్క ముక్క చెప్పదు. ఆడవాళ్ళ పాదం సాధారణంగా మడమ దగ్గర సన్నగా, వేళ్ళ దగ్గర దానికంటే వెడల్పుగా ఉంటుంది కాబట్టి, మగవాళ్ళ అచ్చు (షూ తయారుచేయడానికి వాడే పాదం ఆకారపు దిమ్మ) మీద చేసిన షూని చిన్న నంబరులో ఇస్తే ముందు బిగిసిపోయి వెనక వదులవుతుంది. మీరు రాసింది అచ్చంగా ఇదే. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ వాళ్ళు 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశమంతటా లక్ష మందికి పైగా పాదాలు కొలిచి, మన పాదాలు వెడల్పెక్కువని తేల్చి, మన కోసం 'భా' అనే కొత్త సైజుల పద్ధతి ప్రతిపాదించారు. అంటే కాలు పట్టకపోవడం మీ కాలి తప్పు కాదమ్మా. ఈ మాట ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, నేను కూడా నెల్లూరులో కొన్నాళ్ళు సైకిల్ తొక్కినదాన్నే, నా పాదాలే వంకరేమో అనుకుంటూ రెండు జతలు మూలన పడేసి, నోరు మూసుకుని ఊరుకున్నాను. అప్పటికే లాయర్ని అయి కూడా! మీరు ఐదో రోజే రాసి పెట్టారు, చాలా మంచి పని చేశారు.

ఇక "తొక్కితే సాగుతాయి" అన్న మాట. చెప్పుల విషయంలో అది కొంతవరకు నిజం. సైక్లింగ్ షూ అడుగు నైలాన్‌తోనో కార్బన్‌తోనో చేస్తారు, పెడల్ మీద వేసిన బలం వృథా కాకుండా అది వంగకూడదనే అలా చేస్తారు. పైన గుడ్డ కాస్త సర్దుకోవచ్చేమో గానీ అడుగు వెడల్పు మారదు. వాళ్ళు ఆ మాట చాట్‌లో రాసి ఉంటే దాని స్క్రీన్‌షాట్ దాచండి, మనకే పనికొస్తుంది.

"వాడేశారు" అన్నది మాత్రం కొంచెం ఆలోచించాల్సిన విషయం, మీ దగ్గర దాచను. క్లీట్లు బిగిస్తే అడుగున బోల్టు గీతలు పడతాయి, దాన్ని చూపించి వాడిన సరుకు అంటారు. మీరు బిగించకముందే ఇంట్లో చాప మీద సాయంత్రం పూట, కాళ్ళు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, పావుగంట వేసుకుని చూసి ఉంటే ఇంకా బాగుండేది. అయినా కేసు చచ్చిపోలేదు. 2020 ఈ-కామర్స్ నిబంధనల్లో 6వ నిబంధన ప్రకారం, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోనని, డబ్బు ఇవ్వనని అమ్మకందారు అనడానికి వీల్లేదు. సేల్‌లో కొన్నదైతే ఇది వర్తించదని ఎక్కడా లేదు. మహిళల షూ అని చెప్పి వేరేది పంపడమన్నది మీరు ఒకసారి తొక్కినంత మాత్రాన ఒప్పయిపోదు కదా, పైగా తొక్కితేనే గదా తెలిసేది.

ఇప్పుడు చేయాల్సింది. ఈ రోజే ఆ వస్తువు పేజీ మొత్తం స్క్రీన్‌షాట్లు తీయండి, రేపటికి వాళ్ళు మార్చేయొచ్చు. ఇన్‌వాయిస్, ఆర్డర్ నంబర్, మీరు పెట్టిన కంప్లయింట్ టికెట్ నంబర్ ఒకచోట పెట్టండి. తెల్ల కాగితం మీద నిలబడి రెండు పాదాలకూ చుట్టూ గీత గీయించుకుని పొడవు, వెడల్పు రాయండి, షూలో ఇన్‌సోల్ (లోపలి మెత్తటి అట్ట) బయటికి తీసి స్కేలు పక్కన పెట్టి ఫోటో తీయండి. తర్వాత ఆ వెబ్‌సైట్‌లో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ రాయండి. ఆయన పేరు, వివరాలు సైట్‌లో పెట్టడం తప్పనిసరి, 48 గంటల్లో మీ ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెల లోపల తేల్చాలి. మెయిల్‌లో "ఫిట్ అవ్వలేదు" అని మొదలుపెట్టొద్దు, "ప్రకటించిన వస్తువు కాకుండా వేరే వస్తువు పంపారు" అని మొదలుపెట్టండి. దాంతో పాటే 1915 కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించండి, పైసా ఖర్చు ఉండదు, చాలా వరకు ఇక్కడే కంపెనీలు దిగివస్తాయి.

దిగిరాకపోతే స్పీడ్ పోస్ట్‌లో ఒక నోటీసు పంపి, పదిహేను రోజులు చూసి, నెల్లూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళండి. అమ్మినవాడు ఢిల్లీలో ఉన్నా సరే, మీరు ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, పాత చట్టంలో ఈ సౌకర్యం లేదు. 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు. లాయరు కూడా అక్కర్లేదు, మీరే వాదించుకోవచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు, వీడియోలో హాజరవుతామని అడగొచ్చు, స్కూలుకి సెలవులు పెట్టే పని తగ్గుతుంది. అమ్మకందారుతో పాటు వెబ్‌సైట్‌ని కూడా ప్రతివాదిగా చేర్చండి. స్క్రీన్‌షాట్ల వెనక భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్ (ఫోన్, కంప్యూటర్ నుంచి తీసిన సాక్ష్యానికి ఇచ్చే ధ్రువీకరణ) జతచేస్తే తర్వాత పేచీ ఉండదు. గడువు రెండేళ్ళు గానీ అంత దూరం లాగొద్దు.

ఏమొస్తుందంటే, షూ డబ్బు, దాని మీద వడ్డీ, కొంత నష్టపరిహారం, ఖర్చులు. లక్షలు అడగొద్దు, అడిగితే మీ న్యాయమైన మాట కూడా తేలిపోతుంది. నొప్పికి డాక్టరు దగ్గరికి వెళ్ళి ఉంటే ఆ చీటీ పెట్టండి, వెళ్ళకపోతే లేనిది రాయొద్దు.

చట్టం ప్రకారం, వస్తువును ల్యాబ్‌లో పరీక్షించాల్సిన అవసరం లేని కేసును మూడు నెలల్లో తేల్చే ప్రయత్నం చేయాలి, నిజానికి ఇంకా పడుతుంది. అందుకే ఆ లోపు ఆ షూ మళ్ళీ తొడగొద్దు, క్లీట్లు విప్పి వేరే కవర్లో పెట్టుకుని, షూ డబ్బాతో సహా అటక మీద కాకుండా చేతికి అందేచోట పెట్టండి, కమిషన్ చూపించమంటే తీసుకెళ్ళాలి. ఇంకో జత కొనేటప్పుడు నంబరు అడగకుండా, మీ పాదం కొలత సెంటీమీటర్లలో చెప్పి ఆ అచ్చు వెడల్పు ఎంతో రాతపూర్వకంగా అడగండి. షిమానో లాంటి కంపెనీలు వెడల్పు రకాలు కూడా చేస్తాయి. మెయిల్ ముసాయిదా రాసుకుని నాకు పంపండి, పంపే ముందు ఒకసారి నేను చూస్తాను.